ముల్లు కదిలే ముందు

అనుమానితులు ఇద్దరే. ఒకటి, బల్ల మీద మూత తీసి పెట్టిన సింథసైజర్. రెండోది, దాని ముందు కూర్చున్న ధనశేఖర్ చెవి. ఇద్దరిలో ఒకరు అబద్ధం చెబుతున్నారు. ఎవరో తేలాలంటే ఇంకా కొంతసేపు ఆగాలి, ఎందుకంటే ఈ పాతకాలపు జపాన్ పెట్టెకి కరెంటు ఇవ్వగానే నిజం పలికే అలవాటు లేదు. లోపలి భాగాలు కాగాలి. కాగేదాకా దాని శ్రుతి కల్లు తాగినవాడి నడకలాగా అటూ ఇటూ తూలుతుంది, ఆ తర్వాతే కుదురుకుంటుంది. కుదురుకున్నాక కూడా స్వరం కిందికి జారిందా, పెట్టె దోషి. జారకుండా నిలబడిందా... ఆ మాటని అతను మనసులో కూడా పూర్తి చేయలేదు. ఫ్యాను గాలి పెట్టె మీదికి రాకుండా పక్కకి తిప్పి, లుంగీ సర్దుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. చేసే పని ఉన్నప్పుడు భయం పక్క వీధిలో తిరుగుతుంది. పని లేకుండా కూర్చుంటే వచ్చి పక్కనే కూర్చుంటుంది.

బయట కార్తీకం ముసురు. గిరింపేటలో గోడలన్నీ చెమట పట్టినట్టున్నాయి. భార్య యశోదమ్మ ఆరేసిన బట్టలు ఆరక, వసారాలో తీగ మీద వేలాడుతూ ముక్కవాసన కొడుతున్నాయి. అగ్గిపుల్ల గీస్తే పొగ వస్తుంది గాని మంట రాదు. చిత్తూరంతా తిట్టుకుంటున్న ఈ తడి కోసమే ధనశేఖర్ కాచుకుని ఉన్నాడు. ఎండల్లో ఈ పెట్టె ఏ తప్పూ చేయలేదు. ఇంట్లో ఎన్నిసార్లు మీట నొక్కి వదిలినా స్వరం గీత గీసినట్టు నిలబడింది. తప్పిందల్లా పోయిన చలికాలం పలమనేరులో, ఆ చల్లటి ఊళ్ళో, మంచు దిగే పెళ్ళి పందిట్లో, అదీ పాము పాట దగ్గర. పాము పాట లేకుండా ఆర్కెస్ట్రా వాళ్ళని ఏ పెళ్ళివారూ కదలనివ్వరు. కుర్రకారు చేతిగుడ్డ పళ్ళ మధ్య పట్టుకుని నేల మీద దొర్లుతారు, ధనశేఖర్ పెట్టెలోంచి నాగస్వరం లేస్తుంది. ఈ పెట్టె ఒకసారికి ఒక్క స్వరమే పలుకుతుంది. కొత్త కీబోర్డులు పది స్వరాలు కలిపి మోగిస్తాయి గాని, ఆ ఒక్క స్వరంలో ఉండే విషం వాటికి రాదు. చివర్లో పొడుగాటి స్వరం ఒకటి ఉంటుంది. మీట నొక్కి వేలు తీసేస్తాడు, స్వరం గాల్లో అలాగే వేలాడుతూ ఉండాలి. ఆ రోజు అది వేలాడలేదు. జారుతున్నట్టు వినిపించింది, నూనె రాసిన చేతిలోంచి చెంబు జారినట్టు. ఎడమ చేతి కింద ఉన్న చక్రాన్ని తిప్పి స్వరాన్ని పైకి ఎత్తాడు. ఇంకా జారింది, ఇంకా ఎత్తాడు. ఆడుతున్న పెళ్ళికొడుకు తమ్ముడు పాట అంతేననుకుని, మెడ నరాలు ఉబ్బేదాకా పడగ పైకి ఎత్తుకుంటూ పోయాడు. జనం ఈలలు వేశారు. ఆర్కెస్ట్రా యజమాని గోవిందస్వామి మాత్రం మైకు చేతిలో పట్టుకుని వెనక్కి తిరిగి చూశాడు.

ఆ చూపు మీద ధనశేఖర్ అప్పటి నుంచీ పడుకుంటున్నాడు, లేస్తున్నాడు. వ్యానులో డోళ్ళ మధ్య ఇరుక్కుని తిరిగొస్తుంటే గోవిందస్వామి మెల్లగా ఎత్తుకున్నాడు. "ధనా, ఆ స్వరాన్ని నువ్వే చేత్తో పైకి తోస్తా ఉండావు. నేను సూస్తానే ఉండా."

"అది జారతా ఉండాదన్నా. నిలబెట్టినాను."

"జారలేదబ్బా. నాకేమీ ఇనపడలా."

"డోళ్ళ మోతలో నీకేం ఇనపడతాది?"

"సరే, ఇంటికాడ జారతాదా?"

"జారదు."

"ఇంటికాడ జారంది ఈడ జారతాదా? పెట్టెకి నామీదేమన్నా కోపమా?" అని నవ్వి, కాసేపు కిటికీలోంచి చూసి, "రాయవేలూరు ఆసుపత్రికి పోయి చెవులు ఒకసారి సూపించుకోరాదా" అన్నాడు. నవ్వుతూ అని ఉంటే ఎంత బాగుండేది. ఆ ముక్క నవ్వకుండా అన్నాడు. నిన్న వ్యాను ఇంటి ముందు ఆపి, రేపు పొద్దున అది పుంగనూరు పెళ్ళికి బయలుదేరుతుందనీ, ఇవాళ సాయంత్రంలోపు ఫోన్ చేస్తాననీ, రాలేకపోతే ఫ్లాపీ పెడితే పాట అదే వాయించే కీబోర్డు ఒకటి పెట్టుకుని పుత్తూరాయన ఒకడు సిద్ధంగా ఉన్నాడనీ చెప్పాడు. "పుత్తూరులో ఎముకలు అతికిస్తారని తెలుసు, పాటలు గూడా అతికిస్తా ఉండారా" అని ధనశేఖర్ నవ్వాడు. వ్యాను పోయాక ఆ నవ్వు మూతి మీద అలాగే ఉండిపోయింది, తుడుచుకోవడం మరిచిపోయిన మజ్జిగలాగా.

వేలితో ఇనుప రేకుని తాకి చూశాడు. గోరువెచ్చగా ఉంది. ఇంకొంచెం. మరీ ఎక్కువ ఆగినా ప్రమాదమే, కాగేకొద్దీ లోపలి తడి ఆరిపోతుంది. తడి ఆరిందంటే, దోషి పెట్టే అయితే గనక, సాక్ష్యం ఆవిరైపోతుంది. అటు తొందరపడకూడదు, ఇటు ఆలస్యం చేయకూడదు. పాలు పొంగే ముందు పొయ్యి దగ్గర నిలబడే ఆడవాళ్ళకి తెలుసు ఈ యాతన. వంటింట్లోంచి చేటలో బియ్యం చెరుగుతున్న చప్పుడు వస్తోంది, చెర్ చెర్ చెర్, మధ్యలో ఒక రాయి గిన్నెలో టంగుమంది. ఆ టంగు పంచమానికి కొంచెం కింద. అవునా? చెవి అవునంది. చెవి మాట ఎవరు నమ్మాలి? ముద్దాయినే సాక్షి బోనెక్కించినట్టుంది.

నాయన కూడా తప్పు పెట్టెదే అన్నాడు. గురప్ప అంటే పాకాల చుట్టుపక్కల ఊళ్ళలో భారతం ఆడేవాళ్ళకి హార్మనీ వాయించే గురప్ప. ఎండాకాలం వస్తే ధర్మరాజుల గుళ్ళ ముందర నాటకాలు, నాయన కాళ్ళు మడుచుకుని పెట్టె వెనక కూర్చుంటే కౌరవులూ పాండవులూ అందరూ ఆయన వేలి కిందే యుద్ధం చేసేవాళ్ళు. ఒక ఏడు నాయన అన్నాడు, హార్మనీలో రీడ్లు దిగిపోతా ఉండాయిరా అని. ఆకురాయి తెచ్చి రీడ్లు గీకాడు. మళ్ళీ దిగిందన్నాడు, మళ్ళీ గీకాడు. రైలెక్కి తిరుపతి తీసుకుపోయి చూపించాడు, పెట్టె బాగానే ఉందన్నారు వాళ్ళు. "వాళ్ళకేం తెలుసురా, నా పెట్టె నాకు తెలీదా" అని ఇంకా గీకాడు. నిజానికి దిగిపోతున్నది ఆయన చెవి. ద్రౌపది వేషం కట్టే పెంచలయ్య, మీసాలు గీయించుకున్న మనిషి, కొప్పులో కనకాంబరాలు పెట్టుకుని, నాయన ఏ పక్కకి జారితే ఆ పక్కకి తన గొంతు జార్చి పాడేవాడు. భీముడూ అంతే, దుశ్శాసనుడూ అంతే. ఆట అయ్యాక "శ్రుతి ఎట్ల ఉండాదిరా" అని నాయన అడిగితే, "బంగారం మాదిరి ఉండాది గురప్పన్నా" అనేవాళ్ళు అందరూ. మర్యాద. ప్రేమ. ఆ ప్రేమ మధ్యలో కూర్చుని నాయన తన హార్మనీని తన చేతులతో గీకి గీకి చంపేశాడు. చనిపోయే రోజుకి కూడా ఆయనకి తెలియదు, పెట్టె ఏ తప్పూ చేయలేదని.

ఇప్పుడు కొడుకు కూర్చున్నాడు పెట్టె ముందు, పెట్టె జారుతోందంటూ. టేపురికార్డర్లు బాగుచేసే అంగడి నడిపినవాడు, సీడీలొచ్చి ఆ అంగడి మూసేసినా చేతిలో పని పోనివాడు. మద్రాసు స్టూడియోలో అమ్మేస్తున్నారంటే పోయి, ఈ పెట్టెని కాట్పాడి దాకా ఒళ్ళో పెట్టుకుని, అక్కడి నుంచి చిత్తూరు దాకా నిలబడి తెచ్చుకున్నవాడు. దీంట్లో ప్రతి తీగా ఎటు పోతుందో తెలుసు. తెలిసీ ఎండాకాలమంతా వెతికితే ఏమీ దొరకలేదు. నాయనకీ దొరకలేదు. మేనమామ కూతురు కాబట్టి యశోదకీ నాయన సంగతి తెలుసు. అందుకే అతను పెట్టె విప్పిన ప్రతిసారీ ఆమె వంటింట్లోంచి బయటికి రాదు, ఏమీ అడగదు. ఆ అడగకపోవడమే గోవిందస్వామి చూపు కన్నా బరువు. రేపు తనూ "శ్రుతి ఎట్ల ఉండాది" అని అడిగితే, బంగారం మాదిరి ఉండాది బావా అనేస్తుందేమో.

ఇక చాలు. కాగింది.

హోల్డ్ స్విచ్ వేసి, మధ్యలో ఉన్న మీట నొక్కి, వేలు తీశాడు. స్వరం లేచింది, నిలబడింది. కొంచెం, కొంచెం... దిగుతోంది. దిగుతోందా? చక్రం మీదికి పోబోయిన ఎడమ చేతిని తొడ కింద పెట్టుకున్నాడు. ఈసారి నిలబెట్టేది లేదు, పడిపోనీ. చెవి దిగుతోందంటోంది. కన్ను ఏమంటుందో చూద్దామని ముల్లు మీటరు దగ్గరికి లాక్కున్నాడు. ఈ పెట్టెలో మీట నొక్కగానే ఒక చిన్న కండెన్సర్ నిండుతుంది. వేలు తీసేశాక ఏ స్వరం పలకాలో గుర్తు పెట్టుకునేది అదే. అది నిండుగా ఉంటే స్వరం నిలుస్తుంది, కారిపోతే స్వరం జారుతుంది. మీటరు కొస తీసి దాని కాలికే పెట్టాడు. ముల్లు లేచీ లేవగానే కుప్పకూలింది. స్వరం కూడా బావిలో పడ్డ బిందెలాగా గుడుగుడుమని కిందికి పోయింది. ధనశేఖర్ లేచి నిలబడ్డాడు. పెట్టే, పెట్టే దొంగ, చూశావా నాయనా... కుర్చీ వెనక్కి పడిపోయింది. వంటింట్లో చేట ఆగింది.

ఆ తర్వాత మీటరు కొస ఎక్కడ పెట్టాడో చూసుకున్నాడు. అంగడి తెరిచిన కొత్తలో కూడా చేయని తప్పు. అంత చిన్న కండెన్సర్‌కి మీటరు నేరుగా తగిలిస్తే, దాంట్లో ఉన్నది మీటరే తాగేస్తుంది. కారిపోయింది నిజమే, కార్చింది తన చెయ్యి. దొంగసాక్ష్యం. నాయన ఆకురాయీ తన మీటరూ ఒకటే అయ్యాయి ఒక్క క్షణం. పెట్టెని తప్పు పట్టాలని ఎంత ఆశ ఉంటే, చెయ్యి అంత తెలివితక్కువగా పోయి తప్పు చోట వాలుతుంది. కుర్చీ ఎత్తి నిలబెట్టుకుని కూర్చున్నాడు. కొలవాల్సిన చోటు ఇది కాదు, దీని పక్కనున్న ఐసీ చిప్పు అవతల. అక్కడైతే కండెన్సర్‌కి ఏ బాధా ఉండదు, దాని లోపల ఉన్నది అద్దంలో కనిపించినట్టు కనిపిస్తుంది. కొస అక్కడ ఆనించి బిగించాడు. మీట నొక్కి, వేలు తీసి, కళ్ళు మూసుకున్నాడు. మూసుకుని ఉండగానే చెవిలో స్వరం కదిలింది. కళ్ళు తెరిచాడు. ముల్లు పక్కకి వాలుతోంది, తొందర లేకుండా, నిద్ర వచ్చిన పిల్ల తల వాల్చినట్టు.

పెట్టె దోషి. సరే. మరి చెవి? చెవి నిర్దోషి అని ఇంకా రుజువు కాలేదు. ముల్లు చూశాక విన్నాననుకోవడం సులువు, కన్ను చెప్పింది చెవి వల్లించగలదు. ఇద్దరినీ విడదీసి అడగాలి.

"మే, యశోదా. ఒకసారి ఇట్ల రా."

ఆమె కొంగుకి చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది. "ఏం పడింది?"

"కుర్చీ. ఈడ కూసో. ఈ ముల్లును సూస్తా ఉండు. ఈ గీత దాటి ఇటు పక్కకి వస్తానే చప్పట్లు కొట్టు. అంతే."

"ఎందుకు?"

"ఎందుకని అడక్కుండా కొట్టు."

"పూనకం వచ్చిన దానిమాదిరి నేనెందుకు చప్పట్లు కొట్టేది" అంటూనే కూర్చుంది. ఎందుకో చెప్పలేదు. చెబితే ఆ చేతులు దయతో కదులుతాయి, పెంచలయ్య గొంతు కదిలినట్టు. మీట నొక్కి, వేలు తీసి, గిరుక్కున వెనక్కి తిరిగాడు. ఎదురుగా గోడ, గోడ మీద తడి మరక, మరకలో ఏదో దేశం పటం. చెవి ఒక్కటే వెనక ఉంది. స్వరం. స్వరం. నాయన వేళ్ళు ఎండుకట్టెల్లా ఉండేవి, మీటల మీద పడితే మెత్తగా... స్వరం. ఇదిగో. కదిలింది. చెయ్యి పైకెత్తాడు. ఎత్తిన చెయ్యి గాల్లో ఉండగా వెనక చప్పట్లు పడ్డాయి. మళ్ళీ నొక్కాడు, మళ్ళీ తిరిగాడు. పటంలో దేశానికి ఒక నది కూడా ఉంది. చెయ్యి లేచింది. చప్పట్లు. ఇంకోసారి. ఈసారి పై స్వరం. చెయ్యి, చప్పట్లు. కింది స్వరం. చెయ్యి. చప్పట్లు.

"ఏంది బావా ఇది" అంది యశోదమ్మ విసుగ్గా. "నేను కొట్టేలోపలే నువ్వు చెయ్యెత్తేస్తా ఉండావు. ముల్లుకన్నా నీకే ముందు తెలస్తా ఉంటే నన్నెందుకు ఈడ కూసోబెట్టినావు? బియ్యంలో రాళ్ళన్నా ఏరుకుందును."

అతను గోడ వైపే ఉండిపోయాడు. తిరిగితే మొహం కనిపిస్తుంది. ఊపిరి లోపలికి పోయి, పలమనేరు నుంచీ అడ్డంగా ఇరుక్కున్న చోటు దాటి, కడుపు దాకా దిగింది. ముల్లుకన్నా ముందు. ముల్లుకన్నా ముందు. పొయ్యి మీద ఏదో మాడుతోంది, ఆ వాసన కూడా బాగుంది. వసారాలో బట్టల ముక్కవాసన కూడా బాగుంది. నవ్వు వచ్చింది, ఆపుకోలేదు.

"చెడిపోయింది మే" అన్నాడు.

"ఏంది?"

"పెట్టె. బాగా చెడిపోయింది."

"చెడిపోతే నవ్వతా ఉండావా?" అని ఆమె అతని మొహం చూసింది. చూసి, అంతా అర్థమైనట్టుంది, ఇంకేమీ అడగకుండా పోయి పొయ్యి ఆపి మళ్ళీ వచ్చి కూర్చుంది. ఈసారి పిలవకుండానే.

ఇక ఆచూకీ తీయడమే. కండెన్సర్ కారుతోంది, ఎటు కారుతోంది? టార్చి వేసి వంగాడు. అక్కడ ఉన్నవే ఉన్నాయి. తీగలు, టంకం చుక్కలు, దుమ్ము, కుంకుమ బొట్టు... టార్చి ముందుకు పోయి, ఆగి, వెనక్కి వచ్చింది. కుంకుమ బొట్టు. కండెన్సర్ నెత్తిన గంధం, గంధం మీద కుంకుమ, దాని మీద ఇంకో గంధం, పొర మీద పొర కట్టి, తడికి మెత్తబడి, కాళ్ళ మీదుగా జారి పక్క తీగ దాకా ఎర్రటి కాలవ కట్టింది. మూత తీసిన ప్రతిసారీ అది కనిపించింది. కనిపించినా అతను చూడలేదు. గ్యాసు సిలిండరుకి బొట్టుంది, గడపకి ఉంది, సైకిలుకి ఉంది, కరెంటు మీటరుకి ఉంది, బియ్యం డబ్బాకి ఉంది. బొట్టు లేని వస్తువు ఉంటేనే ఈ ఇంట్లో కన్ను ఆగేది. ఇంకే దేశం మెకానిక్కయినా మూత తీయగానే ఇదేమిటని అడిగేవాడు. అతనికి అది పెట్టెలో పుట్టిన భాగంలాగే అనిపించింది. ఎండల్లో ఎండి ఊరుకుంది. చెమ్మ తగిలినప్పుడల్లా, పలమనేరు మంచులో, ఇవాళ్టి ముసురులో, ఆ కాలవలో ఊట మొదలైంది.

"మే, లోపల బొట్టు ఎవురు పెట్టినారు?"

"ఎవురు పెడతారు, నేనే. ఆయుధపూజకి."

"పైన పెడతావు కదా?"

"పైన పెడితే చెక్కకి పెట్టినట్టు. ప్రాణం లోపల కదా ఉండేది. నువ్వే ఒకనాడు సూపించినావు, పాటని గుర్తు పెట్టుకునేది ఈ గుండ్రంటిదే అని. దానికి మతిమరుపు రాకూడదని దానికే పెడతా ఉండా. పన్నీరు కలిపి, ఏటేటా."

ఏటేటా. అతను తల పట్టుకుని నవ్వాడు. ఆమె కళ్ళు కొంచెం బెదిరాయి. "నేనేమన్నా పెట్టెను చెరిపేసినానా బావా?" అని అడిగింది. చెడగొట్టింది నిజమే. కానీ ఎర్రగా, వేలు పెట్టి చూపించగలిగేట్టు చెరిపింది. ఈ బొట్టే గనక దొరక్కపోతే పెట్టెలో ఏ తప్పూ తేలేది కాదు. పెట్టెలో తప్పు తేలకపోతే రాయవేలూరు బస్సెక్కాల్సింది తను. "ఏం చెరపలేదు. స్పిరిట్ సీసా తీసుకురా" అన్నాడు. ఆమె సీసాతో పాటు దూది కూడా తెచ్చింది. తుడిచేస్తే అమ్మోరికి కోపం రాదా అంది. వచ్చే ఏడు పైన పెట్టు, ఎంత పెద్దదన్నా పెట్టు, అన్నాడు. పాత పళ్ళ బ్రష్షుతో రుద్దుతుంటే గంధం వాసనా స్పిరిట్ వాసనా కలిసి లేచాయి, గుడీ ఆసుపత్రీ ఒక్కచోట కట్టినట్టు. దూది ఎర్రబడింది. నాయనా, నీ పెట్టెలో కూడా ఇట్లాంటిది ఒకటి దొరికి ఉంటే, చిన్న ఎర్ర మరక, ఎవరో ఒకరు ప్రేమతో పెట్టిన తప్పు... దొరికేది కాదు. ఆ పెట్టెలో ఏమీ లేదు. చేతులు ఆగాయి, మళ్ళీ కదిలాయి. బల్బు కిందికి లాగి ఆ చోట ఆరబెట్టాడు. మీట నొక్కి, వేలు తీశాడు. ముల్లు వైపు చూడలేదు.

స్వరం నిలబడి ఉండగానే ఫోన్ మోగింది. యశోదమ్మ ఎత్తి, "ఉండాడన్నా. పెట్టె ముందర కూసోని నవ్వతా ఉండాడు. ఏమో మరి, నాకేం తెలుసు" అని రిసీవరు చాపింది.

"ఏమబ్బా, రాయవేలూరు పోయినావా?" అన్నాడు గోవిందస్వామి.

"పోలేదన్నా. పెట్టెకే వైద్యం చేసినా. రేపు పొద్దున వ్యాను కాడికి వస్తా ఉండా."

"నిజంగానే పెట్టేనా?"

"పెట్టేనన్నా. ఒక మాట. మళ్ళీ ఎప్పుడన్నా తప్పితే, పెట్టె గానీ నేను గానీ, ఆ దినం చెప్పినట్టే మొహాన చెప్పేసేయ్. మర్యాద పెట్టుకోవద్దు."

"నాకు మర్యాద ఉండాదని నీకెవురు చెప్పినారు?" అని ఆయన నవ్వబోయి ఆగాడు. "ఆ మోగేది ఏంది ఎనకాల?"

ధనశేఖర్ రిసీవరు పెట్టె వైపు తిప్పి పట్టుకున్నాడు. ముసురు పడుతూనే ఉంది. యశోదమ్మ చేట ఎత్తుకుని అలాగే నిలబడిపోయింది. రిసీవరు మళ్ళీ చెవికి ఆనించుకునేసరికి అవతల గోవిందస్వామి ఇంకా వింటూనే ఉన్నాడు. చాలాసేపటికి ఆ మనిషి గొంతు మెల్లగా వచ్చింది.

"దిగలేదబ్బా."

"దిగలేదు" అన్నాడు ధనశేఖర్. ఆ సంగతి తన చెవికి అప్పటికే తెలుసు.